నడుము నొప్పి, సయాటికా – చేతి వైద్యము ఎప్పుడు, ఎవరిచేత?

వరంగల్లు ప్రాంతములో జూలై నెల వచ్చినదన్న వరి మళ్ళలో నాట్లు, పత్తి చేలలో కలుపు ఒక్కమారుగా మీద పడును. కూలీలు దొరకరు. దొరికినను ఊరందరికీ అదే వారములో కావలెను. అందుచేత ఇంటిల్లిపాదియు పొలములో దిగి, ప్రొద్దుటినుండి సాయంత్రము వరకు నడుము వంచియే యుందురు. చలికాలము వచ్చుసరికి పత్తి ఏరుట, ఆపైన మిరప కోత, తరువాత ఏనుమాముల మార్కెట్టుకు బస్తాలెత్తుట. ఈ పనులన్నిటి బరువును మోయునది ఒక్క నడుమే.

పైరునకు ఏదైనా సోకినచో మీరేమి చేయుదురు? ఆకు త్రిప్పి చూతురు. పురుగా, తెగులా, జింకు లోపమా అని తెలిసికొందురు. తెలియనిచో నాలుగు ఆకులు కోసికొనిపోయి వ్యవసాయ విస్తరణాధికారికి చూపుదురు. ఆ తరువాతనే మందు. నడుము పట్టినప్పుడు మాత్రము ఈ వరుస తలక్రిందులగుచున్నది. ముందు మందు, తరువాత చూచుట. ఒకరు తొక్కించుకొందురు, ఒకరు విరిపించుకొందురు, మరియొకరు సూది వేయించుకొందురు. పెక్కుమందికి దీనివలన కీడు జరుగదు. నొప్పి ఎట్లును తగ్గవలసినదే గనుక తగ్గిపోవును. కాని కొందరికి ఆ ఒక్క పొరపాటుతో కాలు పడిపోవును. ఆ కొందరిలో మీరున్నారో లేదో ముందుగా తెలిసికొను విధము చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన పద్ధతులు, బయటి పద్ధతులు

నడుము పట్టినచో ఎదురుకాళ్ళతో పుట్టినవారిని పిలిపించి, వారి కాలితో నడుము మీద తన్నించుకొను ఆచారము మీరెరిగినదే. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపుకొనుట, నూనె వెచ్చచేసి రుద్దించుకొనుట కూడ ఉన్నవి. క్షౌరశాలలో పని ముగిసిన తరువాత మెడను ఇటునటు చటుక్కున త్రిప్పించుకొని, అది చిటపటమనినచో హాయిగా నున్నదని లేచి వచ్చువారు చాలమంది. ఎముక విరిగినచో పుత్తూరు కట్టు కట్టించుకొనుటకై పూర్వపు చిత్తూరు జిల్లా వరకు ప్రయాణమై పోవువారును కలరు. అనగా చేతితో ఎముకలను, కీళ్ళను సరిచేయుట మనకు క్రొత్త సంగతి కాదు.

ఇప్పుడు దీనికి తోడు కైరోప్రాక్టిక్ అను పేరు పట్టణములలో బోర్డుల మీద కనిపించుచున్నది. మనుష్యుని బల్లమీద పరుండబెట్టి, నడుమును ఒక్క కుదుపుతో త్రిప్పి, పూసలు టపటపలాడించు బొమ్మలను యువకులు ఫోనులలో చూచి, తమ తండ్రులను అచ్చటికి తీసికొనిపోవుచున్నారు. కనుక దీని పుట్టుక కొంత చెప్పవలెను.

కైరోప్రాక్టిక్ అమెరికాలో పుట్టినది. కెనడాలో పుట్టి అమెరికాకు వచ్చిన డేనియల్ డేవిడ్ పామర్ అను నతడు అయోవా రాష్ట్రములోని డేవెన్‌పోర్టు పట్టణములో 1895 సంవత్సరమున దీనిని ప్రారంభించెను. ఆయన వైద్య కళాశాలలో చదివినవాడు కాడు. అంతకు ముందు సరకుల కొట్టు నడపినవాడు. తన భవనములో ఊడ్చు పని చేయు హార్వీ లిల్లార్డ్ అను చెవిటి మనుష్యుని వెన్నుపూసను చేతితో నొక్కి సరిచేయగా అతనికి వినికిడి వచ్చినదని ఆయన చెప్పుకొనెను. అంతటితో ఆగక, రోగములలో అధిక భాగమునకు వెన్నుపూసలు చోటు తప్పుటయే కారణమని ఒక సిద్ధాంతము లేవదీసెను. లైసెన్సు లేక వైద్యము చేసినందుకు 1906లో జైలుకు కూడ పోయెను. రోగములన్నిటికి పూసలే మూలమను ఆ మాట శాస్త్ర పరీక్షకు నిలువలేదు. పూసలు సవరించి మధుమేహము, ఉబ్బసము, చెవుడు పోగొట్టుదుమని ఎవరైన చెప్పినచో, ఆ మాటతోనే వారి యోగ్యత మీకు తెలిసిపోవలెను.

కాని ఆ సిద్ధాంతము తప్పయినంత మాత్రమున ఆ చేతి పని అంతయు వ్యర్థమని చెప్పుటకు వీలులేదు. వట్టి నడుము నొప్పికి వెన్నును చేతితో కదలించు వైద్యము కొంత ఉపశమన మిచ్చునని అనేక పరీక్షలలో తేలినది. అమెరికా దేశపు వైద్యుల సంఘమొకటి 2017లో వెలువరించిన సూచనలలో, క్రొత్తగా పట్టిన నడుము నొప్పికి బిళ్ళలకంటె ముందు కాపడము, మర్దనము, వెన్నును చేతితో కదలించుట వంటివి ప్రయత్నింపవచ్చునని చెప్పిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మొట్టమొదటిసారిగా దీర్ఘకాలపు నడుము నొప్పికి మార్గసూచన లిచ్చినది. అందులో వ్యాయామము, రోగికి విషయము బోధించుట మొదలగు వాటితో పాటు చేతి వైద్యమునకును, మర్దనమునకును చోటిచ్చినది. అదే పుస్తకములో, వాడవద్దని చెప్పిన వాటిలో నడుము బెల్టులు, బరువులు కట్టి నడుమును లాగు పద్ధతి ఉన్నవి. మన మందుల దుకాణములలో వ్రేలాడు బెల్టులను ఎందరు కొనుచున్నారో తలచుకొన్నప్పుడు ఈ మాట ముఖ్యముగా చెప్పవలసి వచ్చినది. 2020లో ప్రపంచమున 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి యున్నదని ఆ సంస్థయే లెక్క చెప్పినది. కాబట్టి ఇది మన మడులలో మాత్రమే పుట్టిన బాధ కాదు.

టప్పుమను శబ్దము గురించి ఒక మాట. అది పూస తన చోటికి వచ్చి పడిన శబ్దము కాదు. కీలులోని జిగట ద్రవములో గాలి బుడగ ఏర్పడుటవలన వచ్చునది. వ్రేళ్ళు విరుచుకొనునప్పుడు వచ్చునదియు అదే. ఎక్కువ శబ్దమైనచో ఎక్కువ గుణమని తలచవద్దు. ఎదురుకాళ్ళతో పుట్టినవారి తన్నునకు కూడ వేరే మహిమ లేదు. బిగిసిన కండ కదలుట, దానంతట అది తగ్గవలసిన నొప్పి తగ్గుట – ఇంతే.

లోపల నున్న దేమి?

నడుములో అయిదు పూసలుండును. పూసకు పూసకు మధ్య మెత్తని దిండు వంటి డిస్కు కలదు. ఆ దిండు అంచు గట్టిది, నడిమి భాగము జిగురు. అంచు చిట్లి లోపలి జిగురు వెనుకకు ఉబికినచో, ప్రక్కగా పోవు నరపు వేరును అది ఒరయును. ఆ వేళ్ళు కొన్ని కలిసి తుంటి నరమగును. శరీరములోని నరములన్నిటిలో పెద్దది ఇదే. నడుము క్రింది భాగమునుండి పిరుదు వెనుకగా, తొడ వెనుకగా, పిక్క మీదుగా పాదము వరకు పోవును. ఈ దారి వెంబడి మెరుపు తీగవలె దిగు నొప్పినే సయాటికా అందురు. ఆయుర్వేదములో దీనిని గృధ్రసి అనిరి. ఈ బాధ గలవాని నడక గ్రద్ద నడకవలె నుండుట చేత ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. డిస్కు చిట్లుటకు, కాలి నొప్పికి గల సంబంధమును అమెరికాలోని మిక్స్‌టర్, బార్ అను ఇద్దరు వైద్యులు 1934లో స్పష్టముగా చూపిరి.

దీని తరువాత వచ్చిన ఒక చిక్కును కూడ మీరు తెలిసికొనవలెను. ఎం.ఆర్.ఐ. యంత్రము వచ్చిన పిదప, ఏ నడుము ఫోటో తీసినను ఏదో ఒక డిస్కు ఉబ్బి కనిపించుట మొదలైనది. అప్పుడు వైద్యులు నడుము నొప్పి ఏమాత్రము లేని 98 మందిని పరీక్షించిరి. 1994లో వెలువడిన ఆ ఫలితములలో వారిలో సగముకంటె ఎక్కువ మందికి డిస్కు ఉబ్బియే యున్నట్లు తేలినది! కనుక ఫోటోలో డిస్కు జరిగినదని చదివినంతనే భయపడి పొలము కౌలుకిచ్చి కూర్చుండ నక్కరలేదు. నొప్పి ఉన్నచోటికి, ఫోటోలో కనిపించిన చోటికి పొంతన కుదురవలెను. ఆ పొంతన చూచువాడు డాక్టరు. ఫోటో తీయువాడు కాడు.

ఏ నొప్పి ఏ రకము?

నడుము వరకే యుండి, వంగినప్పుడు, లేచినప్పుడు ఎక్కువై, పడుకొన్న తగ్గునది వట్టి నడుము నొప్పి. పిరుదులలోనికి కొంత ప్రాకినను ఇదే జాతి. చాలమందిలో ఇది కొద్ది వారములలో తగ్గును. ఇందులోనే చేతి వైద్యమునకు ఎక్కువ చోటు కలదు.

మోకాలు దాటి పిక్కలోనికి, పాదములోనికి దిగి, తిమ్మిరి, చురుకు, దగ్గినను తుమ్మినను కాలిలోనికి గుంజుట ఉన్నచో అది సయాటికా. నడుమును మించి కాలే బాధించును. ఇది వచ్చినవారు ఇంటిలో ఒక చిన్న పరీక్ష చేసికొనవచ్చును. గోడ ప్రక్కన నిలిచి, మునివ్రేళ్ళ మీద పది అడుగులు వేయుడు. తరువాత మడమల మీద పది అడుగులు వేయుడు. ఒక కాలు మాత్రము మునివ్రేళ్ళపై లేవకున్నను, లేక మడమ మీద నిలువక పాదము క్రిందికి జారిపోవుచున్నను, నరము బలము కోల్పోవుచున్నదన్నమాట. చెప్పు తెలియకుండనే జారిపోవుట కూడ దీని గుర్తే. అట్టివారు ఎవరిచేతను నడుము విరిపించుకొనరాదు. ఆలస్యము లేక ఆస్పత్రికి పోవలెను.

చేయి వేయరాని నడుములు

ఈ వ్యాసములో మీరు తక్కిన దంతయు మరచినను ఈ భాగము మరువరాదు.

అన్నిటిలో ప్రమాదకరమైనది ఇది: నడుము నొప్పితో పాటు మూత్రము బిగిసిపోవుట, లేక తెలియకుండ పోవుట, దొడ్డికి పట్టు తప్పుట, గుఱ్ఱముమీద కూర్చున్నప్పుడు జీను తగులు చోట, అనగా తొడల నడుమ, మలద్వారము చుట్టును స్పర్శ లేకపోవుట, రెండు కాళ్ళును బలహీనమగుట. పెద్ద డిస్కు ముక్క వెన్నులోని నరముల కుచ్చును నొక్కినప్పుడు ఇట్లగును. ఇది గంటల లెక్కలో చూడవలసిన విషయము. తెల్లవారిన తరువాత చూతమని ఆగరాదు. 108 వాహనమును పిలిచి, శస్త్రచికిత్స చేయగల పెద్ద ఆస్పత్రికి పోవలెను. వరంగల్లువారికి మహాత్మాగాంధీ స్మారక వైద్యశాల, అనగా అందరు ఎం.జి.ఎం. అను ఆస్పత్రి, కలదు. సిగ్గుచేత, ముఖ్యముగా ఆడవారు, ఈ గుర్తులను ఇంటిలో కూడ చెప్పరు. నడుము పట్టినవారిని ఇంటి పెద్దలే ఈ ప్రశ్నలు అడుగవలెను.

రెండవది వెన్ను క్షయ. క్షయ ఊపిరితిత్తులకే వచ్చునని మనలో చాలమంది తలపోయుదురు. అది పూసలకు కూడ పట్టును; మన దేశములో ఇది అరుదు కాదు. నెలల తరబడి తగ్గని నొప్పి, రాత్రి నిద్రలేపు నొప్పి, సాయంత్రపు జ్వరము, బరువు తగ్గుట, ఆకలి చచ్చుట, వెన్నులో ఒకచోట గూనువలె పొడుచుకొని వచ్చుట దీని గుర్తులు. పురుగు తిన్న దూలమువలె పూస లోపల గుల్లయై యుండును. అట్టి దూలమును పట్టి కుదిపిన ఏమగునో మీరే ఊహింపవచ్చును. పూస కూలి, నరము నలిగి, రెండు కాళ్ళును పడిపోవచ్చును. మందులు వాడిన ఈ జబ్బు నయమగును. ఆ మందులు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. పల్లె దవాఖానాలో గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో గాని చెప్పినచో పరీక్షకు పంపుదురు.

మూడవది దెబ్బ. తాటిచెట్టు మీదనుండి జారిన గీత కార్మికుడు, ట్రాక్టరు మీదనుండి పడినవాడు, బావి మెట్టు తప్పినవాడు నొప్పి యున్నచో ఎక్సురే తీయించుకొనువరకు నడుము ఎవరికి నప్పగింపరాదు. పడినచోటనుండి లేవదీయునప్పుడు కూడ కాళ్ళు చేతులు పట్టి వ్రేలాడదీయక, తలుపు రెక్క వంటి గట్టి చెక్కమీద సమముగా జరిపి తీసికొనిపోవలెను. ముసలివారిలో, ముఖ్యముగా ముట్లుడిగిన స్త్రీలలో, ఎముక పలుచబడి యుండును. కాలు జారి కూర్చున్నంత మాత్రమున పూస నలుగును. ఉబ్బసమునకో కీళ్ళ నొప్పులకో చిరకాలము స్టెరాయిడ్ బిళ్ళలు మ్రింగినవారి ఎముకలును ఇట్టివే. పూర్వము ఎప్పుడైన కాన్సరు వచ్చినవారికి క్రొత్తగా నడుము నొప్పి వచ్చినచో అది కూడ డాక్టరు చూడవలసినదే.

మన ప్రాంతమునకు చెందినది ఇంకొకటి. ఫ్లోరైడు ఎక్కువగా నున్న నీరు ఏండ్ల తరబడి త్రాగినవారి వెన్ను కఱ్ఱవలె బిగిసిపోవును. తెలుగునాట ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి వ్రాసిరి. ప్రక్కనున్న నల్లగొండ పేరు చెప్పినచో ఇది అందరికిని గుర్తునకు వచ్చును. పూసలను కలుపు పట్టీలే ఎముకలుగా మారిన ఆ వెన్నును బలవంతముగా త్రిప్పుట ఎండిన కొమ్మను వంచుటయే.

మెడ సంగతి వేరే చెప్పవలెను. మెడ పూసలగుండా మెదడుకు రక్తము తీసికొనిపోవు నాళములు పోవుచున్నవి. చటుక్కున త్రిప్పినప్పుడు ఆ నాళపు లోపొర చీలి, రక్తము గడ్డకట్టి పక్షవాతము వచ్చిన సందర్భములు వైద్య గ్రంథములలో ఉన్నవి. ఇవి అరుదైనవే. అయినను క్షవరమునకు పోయి పక్షవాతము తెచ్చుకొను అవకాశము ఎంత తక్కువైనను మనకెందుకు? క్షౌరశాలలో మెడ విరుచుటకు మాత్రము తల అడ్డముగా ఆడించి వద్దని చెప్పుడు.

సయాటికాకు ఏమి చేయవలెను?

పైన చెప్పిన ప్రమాద సూచనలు లేని సయాటికాలో మొదటి మందు ఓపిక. ఉబికిన డిస్కు ముక్కను శరీరమే మెల్లగా కరగించుకొనును. నెదర్లాండ్సు దేశములో 283 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితములు 2007లో వెలువడినవి. వీరందరు ఆరునుండి పన్నెండు వారములుగా తీవ్రమైన కాలినొప్పితో బాధపడుచున్నవారు. సగముమందికి వెంటనే ఆపరేషను; సగముమందిని ఆగి చూచిరి. ఆపరేషను అయినవారికి నొప్పి త్వరగా తగ్గినది. ఆగినవారిలో నూటికి 39 మందికి ఆ ఏడాదిలోపల ఆపరేషను చేయవలసియే వచ్చినది. కాని ఏడాది తిరుగుసరికి రెండు వర్గములలోను నూటికి 95 మంది కోలుకొనిరి. దీనిని బట్టి ఆపరేషనును దయ్యమువలె చూడ నక్కరలేదు, దానికై పరుగెత్తను అక్కరలేదు. భరింపరాని నొప్పి వారములు గడచినను తగ్గకున్న, లేక కాలు బలహీనమగుచున్న, అప్పుడది సరియైన మార్గమే.

ఓపిక యనగా మంచము పట్టుట కాదు. పూర్వము డాక్టరులు సైతము మూడు వారములు కదలక పడుకొనుమని చెప్పిన కాలముండెను. ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో నగర ఉద్యోగులు 186 మందిని మూడు వర్గములుగా చేసి పరీక్షించిరి. పడుకొన్నవారు, వ్యాయామము చేసినవారు, నొప్పి ఓర్చుకొన్నంత మేరకు మామూలు పనులు చేసికొన్నవారు – వీరిలో మూడవ వర్గమువారే త్వరగా కోలుకొనిరని 1995లో ప్రకటించిరి. సయాటికాలో కూడ మంచము పట్టుటవలన లాభము లేదని 1999లో మరియొక పరీక్ష తేల్చినది. నొప్పి పోటుగా నున్నప్పుడు ఒకటి రెండు దినములు పడుకొనవచ్చును. ఆ తరువాత పొలము గట్టు మీద పది నిమిషముల చొప్పున దినమునకు నాలుగైదు సార్లు నడువుడు. నాగలి పట్టుట, బస్తా ఎత్తుట కాదు, నడచుట.

ఇచ్చట న్యూజీలాండులో జరిగిన ఒక సంగతి చెప్పుట ఉపయోగకరము. 1956లో వెల్లింగ్టన్ నగరమున రాబిన్ మెకంజీ అను ఫిజియోథెరపిస్టు వద్దకు కాలినొప్పితో ఒక రోగి వచ్చెను. బల్లమీద పడుకొనుమని చెప్పి మెకంజీ వేరొక పనిమీద పోయెను. ఆ బల్ల తలవైపు అంతకు ముందు మరొకరికై పైకెత్తియుండగా, ఆ రోగి దానిమీద బోర్లా పరుండి, నడుము వెనుకకు వంగినట్లు అయిదు పది నిమిషములు అట్లే యుండెను. మెకంజీ తిరిగి వచ్చి చూచి కంగారుపడెను. రోగి మాత్రము ఇన్ని వారములలో ఇంత హాయి ఎన్నడును లేదనెను; కాలినొప్పి పోయి, నొప్పి నడుము మధ్యకు వచ్చి చేరినది. ఈ పొరపాటునుండి పుట్టిన వ్యాయామములు నేడు ప్రపంచమంతట వాడుకలో నున్నవి.

మీరు చేయవలసిన విధము: చాప మీద బోర్లా పడుకొని రెండు నిమిషములు ఊరక ఉండుడు. తరువాత మోచేతులు ఆనించి, ఛాతీ మాత్రము లేపి, మరి రెండు నిమిషములు ఉండుడు. ఓర్చుకొనగలిగినచో అరచేతులు ఆనించి, తొడలు నేలను విడువక, పై భాగమును మెల్లగా లేపి దించుడు. పదిసార్లు చాలును. నొప్పి పాదమునుండి పిక్కకు, పిక్కనుండి తొడకు, తొడనుండి నడుముకు ఎక్కుచున్నచో అది మంచి గుర్తు. నడుములో కొంత పెరిగినను భయములేదు. నొప్పి నడుమునుండి క్రిందికి దిగుచున్నచో, తిమ్మిరి పెరిగినచో, వెంటనే మానివేయవలెను. ఈ ఒక్క గుర్తును పట్టుకొన్నచో ఏ వ్యాయామము మీకు పనికివచ్చునో మీ కాలే చెప్పును. కొందరికి, ముఖ్యముగా వయసు మళ్ళినవారికి, వెనుకకు వంగుట పడదు. వారికి మోకాళ్ళు ఛాతీకి చేర్చుకొనుటయే సుఖముగా నుండును.

నొప్పి సూదుల విషయములో మీ చేయి కొంచెము బిగపట్టుకొనవలెను. ఊరిలో ఎవరో వేసిన సూదితో సాయంత్రమునకే లేచి నాగలి పట్టితిమని సంతోషింతురు. నొప్పి మందులు దినముల తరబడి వాడినచో కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. రక్తపు పోటు, మధుమేహము ఉన్నవారికి మరియు చేటు. ఎండలో నీళ్ళు త్రాగక పనిచేసినవాని మూత్రపిండములు ముందే అలసియుండును, ఇది మరువరాదు. ఏ మందు ఎన్ని దినములో డాక్టరు చీటీ మీద వ్రాయించుకొనుడు.

ఎవరిచేతికి నడుము ఇయ్యవలెను?

మన దేశములో కైరోప్రాక్టిక్ వృత్తికి ప్రత్యేకమైన చట్టబద్ధ మండలి లేదు. ఎవరు బోర్డు పెట్టినను అడుగువారు తక్కువ. ఫిజియోథెరపీ మాట వేరు; 2021లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము అది గుర్తింపు పొందిన వృత్తులలో ఒకటి. బి.పి.టి. పట్టా పొందిన ఫిజియోథెరపిస్టులలో పెక్కుమంది వెన్నును చేతితో కదలించు పద్ధతులు నేర్చినవారే. కనుక ముందు డాక్టరు చూడగా, పట్టా గల ఫిజియోథెరపిస్టు చేత చేయించుకొనుట మంచిది.

మంచి చేతివాడు మిమ్ము ముందు ప్రశ్నలు అడుగును: జ్వరము కలదా, మూత్రము సరిగా వచ్చుచున్నదా, ఎప్పుడైన పడితిరా, ఏ మందులు వాడుచున్నారు అని. వెల్లకిల పడుకొనబెట్టి కాలును మోకాలు వంగకుండ మెల్లగా పైకెత్తి ఎచ్చట గుంజునో చూచును. మోకాలి మీద సుత్తితో తట్టును, బొటనవ్రేలి బలము చూచును. ఏమియు అడుగక, బట్ట విప్పించి వెంటనే కుదుపుటకు సిద్ధపడినవాని వద్దనుండి లేచి రండు. ఇచ్చిన రుసుము పోయిన పోవుగాక. ఇరువది సార్లు రావలెనని ముందుగనే సొమ్ము కట్టించుకొనువానిని, ప్రతివాని పూస చోటు తప్పినదని చెప్పువానిని నమ్మవద్దు. నాలుగైదు సార్లలో కొంతయైన గుణము కనబడనిచో ఆ పద్ధతి మీకు పనిచేయదన్నమాట. కాలిలోనికి తీవ్రముగా దిగిన సయాటికాలో కుదుపు వైద్యమునకు బలమైన ఆధారములు లేవు. డిస్కు మరింత ఉబికిన సందర్భములు కూడ ఉన్నవి. మెల్లని కదలిక, వ్యాయామము చాలును.

పనిలో మార్పులు

జర్మనీలోని ఉల్మ్ నగరమున ఒక మనుష్యుని నడుము డిస్కులో పీడనమును కొలుచు సన్నని సాధనమును అమర్చి, అతడు దినమంతయు చేయు పనులలో ఎంత ఒత్తిడి పడునో చూచి 1999లో ప్రకటించిరి. ఊరక నిలుచున్నప్పుడు 0.5, నడుము గుండ్రముగా వంచి 20 కిలోల పెట్టె ఎత్తినప్పుడు 2.3, మోకాళ్ళు వంచి ఎత్తినప్పుడు 1.7, అదే బరువును శరీరమునకు ఆనించి పట్టుకొన్నప్పుడు 1.1. ఒక్క మనుష్యునిపై తీసిన లెక్కయే అయినను అందులోని విషయము తేటగా నున్నది. మోకాళ్ళు వంచుమని అందరు చెప్పుదురు, మంచిదే. దానికి మించినది బరువును ఒంటికి దగ్గరగా పట్టుట. చాచిన చేతులతో బస్తాను ట్రాలీలోనికి విసరుట అన్నిటికంటె చెడ్డది.

యూరియా బస్తా 2018లో 50 కిలోలనుండి 45 కిలోలకు తగ్గినది. డి.ఏ.పి. బస్తా ఇప్పటికిని 50 కిలోలే. దానిని ఇద్దరు పట్టుట నామోషీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే వయోజనుడైన పురుషుడు ఒంటరిగా మోయు బరువు 55 కిలోలు మించరాదని సూచించినది. మన బజారులలో హమాలీలు దానికి మించి మోసిన దినములు, మోయుచున్న తావులు కలవు. గ్రామాధికారులు, కొనుగోలు కేంద్రములు నడుపువారు కాంటా ప్రక్కన నడుము ఎత్తున ఒక అరుగు కట్టించినచో, లేక రెండు బల్లలు వేయించినచో, బస్తాను నేలనుండి ఎత్తు బాధ తప్పును. ఖర్చు స్వల్పము.

వీపు స్ప్రేయరు 16 లీటర్లది నిండినచో నీళ్ళే 16 కిలోలు. దానిని నేలమీద నింపి వంగి ఎత్తుకొనక, గట్టు మీదనో బండి మీదనో పెట్టి నింపి, వీపు ఆనించి పట్టీలు తగిలించుకొనుడు. సగము నింపి రెండు తడవలు తిరుగుట తెలివితక్కువ పని కాదు.

వరి నాట్లలో మనకు ఇప్పుడు మార్గములున్నవి. మొలకెత్తిన విత్తనమును డ్రమ్ సీడరుతో దమ్ము చేసిన మడిలో నేరుగా వేసినచో నారు పీకుట, నాటుట రెండును తప్పును. వరుసలలో పడిన పైరులో నిలువుగా నడచుచు కోనో వీడరు త్రోయవచ్చును. చేతితో నాటించునప్పుడు ఆడవారు గంటకొకమారు గట్టెక్కి, రెండు చేతులు నడుమున ఆనించి వెనుకకు అయిదారుసార్లు వంగి దిగునట్లు ఏర్పాటు చేయుడు. అయిదు నిమిషములు పోయినవని రైతు విసుగుకొనరాదు. పార కామ పొట్టిదైనచో మనిషి ఎక్కువ వంగవలెను. ఎత్తరి చేతిలో పొట్టి కామ పెట్టక, అతనికి తగిన పొడుగు కామ వేయించుడు. పత్తి ఏరునప్పుడు ఒడి నిండి బరువెక్కు వరకు ఆగక మాటిమాటికి కుప్పలో పోయవలెను. మిరప కోతలో గొంతుకూర్చుండుటకు బదులు జానెడు ఎత్తు పీట వేసికొన్నచో మోకాళ్ళకు, నడుమునకు రెంటికిని సుఖము.

ఆస్పత్రికి పోవునప్పుడు ఒక చీటీ మీద ఈ సంగతులు వ్రాసికొని పోవుడు: నొప్పి ఏ దినమున, ఏ పనిలో మొదలైనది; ఏ కాలిలో, ఎంతవరకు దిగుచున్నది; తిమ్మిరి ఏ వ్రేళ్ళలో; రాత్రి నిద్ర పట్టుచున్నదా; జ్వరము, బరువు తగ్గుట కలవా; ఏ బిళ్ళలు, ఏ సూదులు ఇంతవరకు పడినవి. అంతకు ముందు ఎవరైన నడుము విరిచియున్నచో, తొక్కియున్నచో, అదియు దాచక చెప్పుడు. డాక్టరు కోపగించునని చాలమంది ఆ ఒక్క మాటనే చెప్పరు.